పది రోజులు పని మానేసి ఇంట్లో ఉండగలిగే ఇళ్లు మీ బస్తీలో ఎన్ని?

మీరు అడిగినవి రెండు సంగతులు. వరంగల్‌లో ఒకే డివిజన్‌లో గోడకు ఆ పక్క కాలనీ, ఈ పక్క బస్తీ ఉన్నా కరోనా దెబ్బ రెండింటికీ ఒకేలా ఎందుకు తగల్లేదు? మళ్లీ అలాంటి రోగం వస్తే బస్తీ కమిటీ ఇప్పటినుంచే ఏం సిద్ధం చేసుకోవాలి? మొదటిదానికి సరైన జవాబు తెలియకపోతే రెండోదాని మీద పెట్టే ఖర్చంతా వృథా అవుతుంది. అందుకే అక్కణ్నుంచే మొదలుపెడతాను.

బస్తీలో శుభ్రత లేదు, జనానికి అవగాహన లేదు, అందుకే రోగం పాకింది అనే మాట 2020లో ఎక్కడ చూసినా వినబడింది. ఆ మాట నమ్మిన చోటల్లా మైకు ప్రచారం, పోస్టర్లు, వీధుల్లో మందు పిచికారీ చేశారు. రోగం ఆగలేదు. అసలు తేడా వేరేచోట ఉంది. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే ఆ ఇల్లు పది రోజులు పని మానేసి, రోగిని వేరే గదిలో పడుకోబెట్టి, గడప దాటకుండా బతకగలదా? నెల జీతం ఉన్న ఇంటికి అది సెలవు చీటీతో అయిపోయే పని. ఏనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ ఇంటికి మూడో రోజే బియ్యం డబ్బా అడుగు కనబడుతుంది. నాలుగో రోజు పారాసిటమాల్ వేసుకుని పనికి పోతాడు. అతనికి తెలియక పోతున్నాడని అనుకోవద్దు, తెలిసే పోతున్నాడు.

ముంబైలో 2020 జూలైలో మూడు వార్డుల్లో రక్త పరీక్షలు చేశారు. అవే వార్డుల్లో బస్తీ వాళ్లలో 57 శాతం మందికి, బస్తీ బయట ఉన్నవాళ్లలో 16 శాతం మందికి అప్పటికే వైరస్ సోకిపోయిందని తేలింది. వార్డు ఒకటే, ఆస్పత్రులు అవే, లాక్‌డౌన్ నియమాలు అవే. ఆ లెక్క చూసి కొందరు బస్తీ జనానికి సోకినా చావులు తక్కువే కదా అన్నారు. ఆ మాటతో జాగ్రత్తగా ఉండాలి. బస్తీల్లో అరవై దాటినవాళ్లు తక్కువ, పడుచువాళ్లు ఎక్కువ. ఒకే వయసువాళ్లను ఒకరితో ఒకరిని పోల్చకుండా చావుల శాతం చెబితే అది మోసపు లెక్కే అవుతుంది. పైగా టెస్టు లేకుండా ఇంట్లోనే పోయినవాళ్లు ఏ లెక్కలోకీ రాలేదు. ఇదేమీ కొత్త కూడా కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో బొంబాయి నగర ఆరోగ్యాధికారి నమోదు చేసిన లెక్కలో అణగారిన కులాల హిందువుల్లో వెయ్యికి 61.6 మంది పోతే, యూరోపియన్లలో 8.3 మంది పోయారు.

ఇక మన దగ్గర అది ఎలా పనిచేసిందో చూడండి. 2020 మార్చి చివర లాక్‌డౌన్ పడ్డాక కూడా ఊరు నడవాలి కాబట్టి కొందరు బయట తిరగక తప్పలేదు. సఫాయి కార్మికులు, మార్కెట్ హమాలీలు, కూరగాయల బండ్లవాళ్లు, గ్యాస్ సిలిండర్లు మోసేవాళ్లు, ఆస్పత్రుల్లో ఆయాలు, వార్డు బాయ్‌లు, శ్మశానంలో పనిచేసేవాళ్లు. కాలనీవాళ్లు ఇంట్లో ఉండగలిగారంటే వీళ్లు బయట తిరగబట్టే. వీళ్లంతా రాత్రికి తిరిగొచ్చేది ఒకే గది ఇళ్లకు.

ఆ గది లెక్క చాలామంది వేసి చూడరు. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అంటే 1,000 ఘనపు అడుగులు, దాదాపు 28 ఘనపు మీటర్ల గాలి. మనిషికి సెకనుకు 10 లీటర్ల చొప్పున బయటి గాలి లోపలికి రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఐదుగురికి గంటకు 180 ఘనపు మీటర్లు. అంటే ఆ గదిలో గాలి గంటకు ఆరుసార్లకు పైగా పూర్తిగా మారాలి. ఒకే తలుపు, ఒకే కిటికీ ఉండి, దోమల కోసమో చలికోసమో రెండూ మూసి పడుకుంటే అందులో కొద్ది వంతు కూడా అందదు. గాలిలో వ్యాపించే రోగం ఒకరికి ఉంటే తెల్లారేసరికి అందరూ అదే గాలి పీల్చి ఉంటారు. సీలింగ్ ఫ్యాన్ ఆ గాలినే తిప్పుతుంది తప్ప కొత్త గాలి తేదు.

ప్రభుత్వ హోం ఐసొలేషన్ నిబంధనలు వేరే గది, వీలైతే వేరే బాత్రూం, చూసుకోవడానికి ఒక మనిషి కావాలన్నాయి. నాలుగు కిరాయి ఇళ్లకు ఒకే లెట్రిన్ ఉన్న చోట ఆ కాగితం ఇచ్చి వెళ్లిపోతే దానివల్ల ఒరిగేది లేదు. ఇంటి గుమ్మానికి నోటీసు అంటించడం, గల్లీకి కట్టెలు అడ్డం కట్టడం మరో తప్పు. కట్టెలు కట్టారంటే ఆ గల్లీ ఆడవాళ్లను ఇళ్లల్లో పనికి రానివ్వరు, అడ్డా మీద మేస్త్రీ పిలవడు, ఇంటి ఓనరు ఖాళీ చేయమంటాడు. ఒక్కసారి ఇలా జరిగితే ఆ తర్వాత ఎవరూ జ్వరం ఉందని చెప్పరు.

చికిత్సలోనూ ఇంతే. ప్రభుత్వ ఎంజీఎం ఆస్పత్రికి వరంగల్, హనుమకొండ వాళ్లతో పాటు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు నుంచి కూడా రోగులు వస్తారు. అక్కడ బెడ్ దొరక్కపోతే మిగిలింది ప్రైవేటు. 2020 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు ఆస్పత్రులకు గరిష్ఠ ధర పెట్టింది. మామూలు ఐసొలేషన్ బెడ్ రోజుకు 4,000, ఐసీయూ 7,500, వెంటిలేటర్‌తో 9,000 రూపాయలు. ఖరీదైన మందులు, పెద్ద పరీక్షలు దీనికి అదనం. ఆ ధరే తీసుకున్నారనుకున్నా ఐసీయూలో పది రోజులంటే 75,000. రోజుకు 500 కూలి వచ్చే మనిషికి 150 రోజుల సంపాదన. అందుకే ఆస్పత్రికి పోవాలనే నిర్ణయం రెండు మూడు రోజులు వెనక్కి పోతుంది. ఆ రెండు మూడు రోజుల్లోనే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

కాబట్టి కమిటీ మొదట చేయాల్సింది జాబితా. ఇల్లిల్లూ తిరిగి ఐదు సంగతులు రాసుకోండి: ఎంతమంది, ఎన్ని గదులు, లెట్రిన్ సొంతమా ఉమ్మడా, రోజుకూలీ మీద నడిచే ఇల్లా, రేషన్ కార్డు ఇక్కడ ఉందా సొంతూళ్లో ఉందా. దానికి తోడు అరవై దాటినవాళ్లు, గర్భిణులు, షుగరు, బీపీ, టీబీ, డయాలసిస్ ఉన్నవాళ్ల పేర్లు. టీబీ కాలమ్ మరిచిపోవద్దు. దేశంలో 2019లో సుమారు 24 లక్షల టీబీ కేసులు నమోదైతే 2020లో 18 లక్షలే అయ్యాయి. రోగం తగ్గలేదు, పరీక్ష ఆగిపోయింది. ఒడిశా, బీహార్ నుంచి వచ్చి ఇటుక బట్టీల్లో, రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఓటరు జాబితాలో ఉండరు, కాబట్టి వాళ్లుండే షెడ్లకు ప్రత్యేకంగా వెళ్లాలి. ఈ పుస్తకం కమిటీ దగ్గరే ఉండాలి. జబ్బుల వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.

రెండోది పది రోజుల తిండి, కూలి. 2020లో ప్రభుత్వం తెల్లకార్డు ఇంట్లో మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. బియ్యం లెక్క సరైనదే, మనిషికి రోజుకు 400 గ్రాములు పడుతుంది. చాలనిది ఆ 1,500. కిరాయి, గ్యాస్, నూనె, మందులు, అప్పుల కిస్తీ అన్నీ అందులోనే రావాలి. వలస కూలీలకు 12 కిలోలు, మనిషికి 500 ఇచ్చారు గానీ, పక్క జిల్లా నుంచి వచ్చి కార్డు సొంతూళ్లో వదిలేసినవాళ్లు అటూ ఇటూ కాకుండా పోయారు. కిరాయి మూడు నెలలు అడగొద్దని 2020 ఏప్రిల్‌లో చెప్పారు. అది వాయిదా, మాఫీ కాదు. ఆ బాకీ తర్వాత కిరాయిదారుడి నెత్తిన పడింది.

ఐదుగురి ఇంటికి పది రోజులకు 20 కిలోల బియ్యం, 3 కిలోల పప్పు, 2 లీటర్ల నూనె, 50 గుడ్లు, 8 కిలోల ఉల్లి, ఆలు, టమాటా, ఉప్పు, కారం, చింతపండు, సబ్బులు, నెలసరి ప్యాడ్లు, పది ఓఆర్ఎస్ ప్యాకెట్లు, 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మూడు స్ట్రిప్పులు, ఒక థర్మామీటర్. బియ్యం రేషన్‌లో వస్తే మిగతా వాటికి 2,500, కూలి భర్తీకి 5,000 అనుకోండి. 200 ఇళ్ల బస్తీలో ఉధృతి ఉన్నప్పుడు ఒకేసారి పదింట ఒక ఇంట్లో రోగి ఉంటాడనుకుంటే 20 ఇళ్లు, లక్షన్నర రూపాయలు. ఉధృతి ఒక్క విడతతో పోదు కాబట్టి దానికి రెండింతలు చేతిలో ఉంటే మంచిది. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద నడిచే మహిళా సంఘాల సమాఖ్యలో దీనికి వేరే ఖాతా తెరిచి, లెక్క నెలనెలా గోడ మీద రాయండి. ఇందులో రెండు నియమాలు తప్పకూడదు. డబ్బు మొదటి రోజే చేతికి రావాలి. పది రోజులు పూర్తయ్యాక ఇస్తామంటే ఎవరూ ఆగలేరు. అప్పుగా కూడా ఇవ్వొద్దు. అప్పు తీసుకున్నవాడు దాన్ని తీర్చడానికే నాలుగో రోజు బయటికి వెళ్తాడు.

మూడోది గాలి. ఇది చవకైన పని, చాలామంది పట్టించుకోని పని కూడా. రోగి పడుకునే వైపు గోడలో పైన 8 లేదా 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. అది గంటకు 500 ఘనపు మీటర్ల దాకా గాలి లాగుతుందని కంపెనీ రాస్తుంది. అందులో సగమే అనుకున్నా పైన చెప్పిన 180 దాటుతుంది. రోజంతా తిరిగినా కరెంటు ఒక యూనిట్ లోపే. ఎక్కడ తప్పు జరుగుతుందంటే, ఫ్యాన్ పెట్టి తలుపు, కిటికీ మూసేస్తారు. లోపలికి వచ్చే దారి లేకపోతే బయటికి పోయేదీ ఉండదు. ఎదురుగోడ వైపు తలుపు కింద కనీసం నాలుగు వేళ్ల సందు ఉండాలి. మిగతావాళ్లు గాలి లోపలికొచ్చే వైపు, రోగి ఫ్యాన్ వైపు పడుకోవాలి. ఇరుకు గల్లీల్లో ఆ ఫ్యాన్ పక్కింటి కిటికీలోకి ఊదకుండా చూసుకోండి. అలా ఊదితే గొడ్డలి దాకా పోయే తగాదాలు కూడా వస్తాయి, రోగమూ వెళ్తుంది. కుదరకపోతే పైకప్పు మీదికి మలుపు గొట్టం పెట్టించాలి.

ఉమ్మడి లెట్రిన్‌కు రోగి ఇంటివాళ్లు అందరికంటే చివర వెళ్లాలి. తర్వాత తలుపు తీసి 15 నిమిషాలు వదిలేసి, చేయి తగిలే చోట్లు, అంటే గడియ, నల్లా, మగ్గు, స్విచ్, బ్లీచింగ్ నీళ్లతో తుడవాలి. 10 లీటర్ల బకెట్ నీళ్లకు 35 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ వేస్తే సుమారు 0.1 శాతం క్లోరిన్ వస్తుంది. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. మూతి తెరిచి పెట్టిన సంచిలో పౌడర్ బలం పోతుంది. వాసన రాని పౌడర్‌తో తుడిచినా తుడవనట్టే. బ్లీచింగ్‌ను లెట్రిన్ కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. వీధుల మీద, మనుషుల మీద పిచికారీ మాత్రం పూర్తిగా మానేయండి. 2020 మేలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అది పనిచేయదని, మనుషుల మీద కొడితే కళ్లకు, చర్మానికి, ఊపిరికి హాని అని స్పష్టంగా చెప్పింది. ఆ డబ్బుతో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వస్తాయి.

చేతుల విషయం కూడా చెప్పాలి. నల్లా తిప్పి వదిలేసి కడిగితే ఒక్కసారికి రెండు లీటర్లు పోతాయి. ఐదుగురు ఎనిమిదేసి సార్లు కడిగితే 80 లీటర్లు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో అది కుదరదు. కింద చిన్న టోటీ బిగించిన డబ్బా గుమ్మం దగ్గర పెడితే అర లీటరుతో పని అయిపోతుంది, మొత్తం 20 లీటర్లు చాలు. ట్యాంకర్ దగ్గర గుంపు ఏర్పడకుండా గల్లీకో సమయం ముందే రాసి పెట్టాలి.

ఇక జ్వరం కనిపెట్టడం. పట్టణాల్లో ఒక ఆశా కార్యకర్త చేతిలో వెయ్యి నుంచి రెండున్నర వేల మంది ఉంటారు. రోజూ ప్రతి ఇల్లూ చూడటం ఆమెకు సాధ్యం కాదు. 2021 మేలో చేసిన ఇంటింటి జ్వర సర్వే మంచి పనే, మందుల కిట్లు చేతికి అందాయి. కానీ సర్వే ఒక రోజుది, రోగం పది రోజులది. 25 ఇళ్లకు ఒక వాలంటీరు, అందులో సగం మందైనా ఆడవాళ్లు, ఒక్కొక్కరికి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే పల్స్ ఆక్సీమీటర్ ఒకటి. కరోనాలో ఐదో రోజు నుంచి పదో రోజు దాకా ఎక్కువ ప్రమాదం, కాబట్టి ఆ రోజుల్లో పూటకోసారి చూడాలి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి వెచ్చగా ఉన్నప్పుడు, గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికి పెట్టి, అంకె కదలకుండా నిలిచాకే రాయాలి. 94 కంటే తగ్గితే డాక్టరుకు చూపించాల్సిందే. 90, అంతకంటే తక్కువైతే వెంటనే 108. కూర్చున్నప్పుడు 95 ఉన్నా ఆరు నిమిషాలు నడిపిస్తే మూడు నాలుగు అంకెలు పడిపోతే అదీ ప్రమాదమే. ముసలివాళ్లను, ఇప్పటికే ఆయాసం ఉన్నవాళ్లను నడిపించొద్దు. చర్మం బాగా నల్లగా ఉన్నవాళ్లలో ఈ మెషిన్ ఉన్నదానికంటే ఒకటి రెండు అంకెలు ఎక్కువ చూపించవచ్చు. అందుకే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తున్నారో కూడా లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో 24, అంతకంటే ఎక్కువైతే అంకె ఎంతున్నా పంపించండి. వాహనం వచ్చేదాకా బోర్లా పడుకోబెట్టడం ఉపయోగమే, గర్భిణులను మాత్రం ఎడమ పక్కకు.

ఆక్సిజన్ సిలిండర్ కొని పెట్టుకుందామని చాలా కమిటీలు అనుకుంటాయి. పెద్ద సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 5 లీటర్లు ఇస్తే 23 గంటలు. చిన్నదాంట్లో 1,500 లీటర్లు, ఐదు గంటలు. నింపి తెచ్చే మనిషి, బండి, చూసే నర్సు లేకుండా సిలిండర్ ఒక్కటే ఉంటే అది బెడ్ దొరికేదాకా గండం గడవడానికే పనికొస్తుంది, చికిత్సకు కాదు.

బస్తీలో జ్వరం వస్తే మొదట పోయేది ఆర్ఎంపీ దగ్గరికి, అంటే డాక్టరు డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆయన దగ్గరికి. రాత్రి పదింటికి తలుపు తీసేది, అరువు పెట్టేది ఆయనే కాబట్టి. ఆయన్ను తిట్టి లాభం లేదు, పనిలో కలుపుకోవాలి. మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్ సూది వేయడం మాత్రం ఆపించాలి. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవాళ్ల ప్రాణం కాపాడుతుందని, అవసరం లేనివాళ్లకు మేలు చేయదని తేలింది. షుగరు ఉన్నవాళ్లకు ముందే ఇస్తే షుగరు ఎగబాకుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ అంతగా పెరగడానికి అదొక కారణం. ఆయన బల్ల మీద ఆక్సీమీటర్, అర్బన్ పీహెచ్‌సీకి పంపే చీటీల కట్ట ఉంచండి.

టెస్టు పగలు పెడితే ఒక రోజు కూలి పోతుంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, బస్తీలోనే పెట్టమని వార్డు ఆఫీసులో అడగండి. ర్యాపిడ్ టెస్టులో నెగెటివ్ వచ్చి లక్షణాలు ఉంటే ఆర్టీపీసీఆర్ చేయాలి. ఆ ఫలితం వచ్చేదాకా కూడా పది రోజుల సాయం మొదలైనట్టే లెక్క.

ఐసొలేషన్ కేంద్రానికి ఊరి బయటి ఫంక్షన్ హాల్ కంటే నడిచి వెళ్లగలిగే దూరంలోని ప్రభుత్వ బడి మేలు. రెండు వైపులా కిటికీలున్న తరగతి గదిలో ఆరు మంచాల కంటే ఎక్కువ వేయొద్దు. ఇరవై మందికి ఒక లెట్రిన్, ఆడవాళ్లకు వేరే, రాత్రి లైటు, లోపలి గడియ. తల్లి వస్తే పిల్లలు ఎక్కడ ఉంటారనే దానికి జవాబు లేకపోతే ఆ కేంద్రంలో మగవాళ్లు మాత్రమే చేరతారు. వానాకాలం సంగతీ ముందే చూసుకోండి. 2020 ఆగస్టులో వరంగల్‌కు వరద వచ్చినప్పుడు నాలాల పక్కనున్న కాలనీలు మునిగాయి. ఎస్ఆర్ నగర్, సాయిగణేశ్ కాలనీ, ఎన్టీఆర్ నగర్ లాంటి చోట్ల జనం కరోనా నడుస్తుండగానే పునరావాస కేంద్రాల్లో గుంపుగా ఉండాల్సి వచ్చింది. ఒకే బడిని వరదకూ రోగానికీ రెండింటికీ రాసి పెట్టుకుంటే ఆ రోజు రెండూ కుదరవు. రెండు భవనాలు వేరువేరుగా గుర్తించండి.

టీకా వస్తే ఆన్‌లైన్ నమోదు మీద వదిలేయొద్దు. 2021 మే 1న 18 నుంచి 44 ఏళ్లవాళ్లకు యాప్‌లో స్లాట్ ఉంటేనే టీకా అన్నప్పుడు స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లే ముందు వేయించుకున్నారు. ఆ నెల చివర్లో మొదలుపెట్టి రేషన్ డీలర్లు, గ్యాస్ డెలివరీ చేసేవాళ్లు, కూరగాయలు అమ్మేవాళ్లు, ఆటో డ్రైవర్లు లాంటి వాళ్లకు రాష్ట్రం వేరే డ్రైవ్ పెట్టింది. అది మొదటి రోజు నుంచే ఉండాల్సింది. టీకా తర్వాత రోజు ఒళ్లు నొప్పులు వస్తాయి కాబట్టి మార్కెట్ సెలవుకు ముందు సాయంత్రం హమాలీలకు పెట్టించండి.

ఈ అంకెలన్నీ గాలిలో వ్యాపించే కరోనా లాంటి రోగానికి. వచ్చేది దోమలదో నీళ్లదో అయితే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పక్కన పెట్టాలి. ఇంటింటి జాబితా, పది రోజుల సాయం, వాలంటీర్లు మాత్రం అప్పుడూ అవే.

చివరగా కాగితాలు. కరోనా మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల సాయం ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఖరారైంది. మన రాష్ట్రంలో మీసేవలో దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. పాజిటివ్ రిపోర్టు వచ్చిన 30 రోజుల లోపు చావు అయితే దాన్ని లెక్కలోకి తీసుకున్నారు. టెస్టే చేయించుకోని ఇంటికి చూపించడానికి ఏమీ లేకపోయింది. చావును 21 రోజుల లోపు నమోదు చేయించాలి. ఆస్పత్రిలో పోతే కారణం ఫారం 4లో, ఇంట్లో పోతే ఫారం 4ఏలో, చివరి జబ్బులో చూసిన రిజిస్టర్డ్ డాక్టరే రాయాలి. ఆర్ఎంపీ సంతకం చెల్లదు. అందుకే జ్వరం వచ్చిన ప్రతి మనిషినీ మొదటి రెండు రోజుల్లో ఒక్కసారైనా అర్బన్ పీహెచ్‌సీలోనో బస్తీ దవాఖానలోనో చూపించి, ఓపీ చీటీని ఇంట్లో దాచమనండి, దాని ఫోటో వాలంటీరు దగ్గర ఒకటి ఉంచండి.